మనోభావమునకు మానము: మాతృభాషాభిమాన పరీక్షలో పదనిర్ణయము

ప్రేమ, భయము, బుద్ధి, అభిమానము మున్నగునవి ప్రత్యక్షగోచరములు కావు. వాని చిహ్నములు మాత్రమే గోచరించును. శాస్త్రజ్ఞుడు కొలువగలిగినది ఆ చిహ్నములనే. ఆలంకారికులకు ఈ విషయము క్రొత్తది కాదు. స్థాయిభావము రంగస్థలముపై కనబడదు. కన్నీరు, కంపము, స్వరభేదము మున్నగువానిచే అది ఊహింపబడును. ఆ కన్నీరైనను శోకమునందు కలుగును, హర్షమునందును కలుగును. కావున ఏ ఒక్క చిహ్నమును తనంత తాను స్థాయిని నిశ్చయింపజాలదు. ఒక మానసిక భావనను కొలువదగిన చరరాశిగా మార్చుటలో ఆధునిక మనోవిజ్ఞానమునకు ఎదురగు మొదటి చిక్కు ఇదియే. అయితే ఈ పోలిక ఇంతవరకే చెల్లును. రసశాస్త్రమునకు సహృదయుని అనుభవము ప్రమాణము. మనోవిజ్ఞానమునకు ఎవరు ప్రయోగించినను ఒకే తీరు ఫలమునిచ్చు విధానము ప్రమాణము.

ఒక భావన యొక్క అర్థమును దానిని కొలుచు క్రియలయందే వెదకవలెనని భౌతికశాస్త్రజ్ఞుడగు పెర్సీ బ్రిడ్జ్‌మన్ 1927లో ప్రతిపాదించెను. మనోవిజ్ఞానులు ఈ మార్గమును ఆదరించిరి. దీనిని క్రియాత్మక నిర్వచనము అనవచ్చును. ఉదాహరణకు, ఆకలి యనగా భుజించిన పిదప గడచిన గంటల సంఖ్య అని నిర్ణయించినచో దానిని కొలుచుట సులభము. కాని ఏకాదశి నాడు ఉపవసించిన భక్తునకును, అన్నము దొరకక పస్తున్న కూలివానికిని గంటల సంఖ్య సమానమే కావచ్చును. వారి అనుభవము సమానము కాదు. నిర్వచనము సుకరమైనంత మాత్రమున అది భావనను పూర్ణముగ పట్టుకొన్నదని చెప్పరాదు.

వైఖరులను కొలుచుటకు రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రకటించిన పద్ధతి నేటికిని విరివిగ వాడుకలో నున్నది. ఒక విషయమును గూర్చి కొన్ని వాక్యములను కూర్చి, ప్రతి వాక్యమునకును పూర్ణాంగీకారము మొదలు పూర్ణనిరాకరణము వరకు సాధారణముగ అయిదు మెట్లు ఏర్పఱచి, సమాధానములకు 1 నుండి 5 వరకు అంకెలనిచ్చి కూడుదురు. ఇట్టి మాపనికి రెండు గుణములు కావలయును. మాటిమాటికి ఒకే తీరు ఫలమునిచ్చుట విశ్వసనీయత. కొలువదలచిన దానినే కొలుచుట సప్రమాణత. తప్పుడు రాళ్లతో తూచు త్రాసు ప్రతిసారి ఒకే తూకమును చూపవచ్చును. అది విశ్వసనీయమే గాని సప్రమాణము కాదు.

భాషావిషయమున ఈ భేదమును ప్రస్ఫుటము చేసిన పరిశోధన 1960లో ప్రకటితమైనది. వాలెస్ లాంబర్ట్, ఆయన సహచరులు కెనడాలోని మాంట్రియల్ నగరమున దీనిని జరిపిరి. ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలు రెంటియందును సమర్థులైన వక్తలచే ఒకే గద్యభాగమును రెండు భాషలలో చదివించి ధ్వనిముద్రణము చేసిరి. వినువారికి ఆ రెండును ఒకే మనుష్యుని కంఠములని తెలియదు. బుద్ధి, విశ్వాసపాత్రత, దయ, నాయకత్వము మున్నగు 14 గుణములయందు ప్రతి కంఠమునకును వారు విలువ కట్టిరి. ఫ్రెంచి మాతృభాషగా గల విద్యార్థులు సైతము పెక్కు గుణములయందు ఇంగ్లీషు కంఠమునకే ఎక్కువ విలువ నిచ్చిరి. అంతకంటె గమనింపదగినది మఱొకటి కలదు. స్వజాతిని, పరజాతిని గూర్చి వారిని సూటిగ ప్రశ్నించినపుడు తేలిన వైఖరులకును, ఈ విలువలకును చెప్పుకోదగిన సంబంధము కానరాలేదు. నోట పలికిన అభిప్రాయము ఒకటి, చెవిన పడిన కంఠముపై కట్టిన విలువ వేఱొకటి. రెంటికిని 'భాషావైఖరి' అను ఒకే పేరు పెట్టినచో భ్రాంతి కలుగును.

భారతదేశమున ఈ సమస్య మఱింత సూక్ష్మమగును. 'నాకు నా మాతృభాషయందు అభిమానము కలదు' అను వాక్యమును పలు భాషలవారికి ఇచ్చుట తటస్థించినదనుకొందము. తెలుగున అభిమానమనగా ప్రీతి, ఆదరము, ఆత్మగౌరవము. హిందీ వాడుకలో గర్వము, అహంకారము అను ఛాయలు ప్రబలముగ నున్నవి. మరాఠీలో అది సగర్వమైన సంతోషము. వంగభాషలో ఆత్మీయులు నొప్పించినపుడు కలుగు అలుక. తత్సమము ఒక్కటే; కొలువబడునవి నాలుగు. నాలుగు భాషల సగటులను ఒక పట్టికలో ప్రక్కప్రక్కన వ్రాసి, ఒకరికి భాషాభిమానము హెచ్చనియు, మఱొకరికి తక్కువనియు తేల్చినచో, ఆ తీర్పు జనులను గూర్చినది కాదు, పదమును గూర్చినది.

ఇట్టి దోషములను పట్టుటకు ప్రతిలోమానువాదము అను పరీక్ష కలదు. అనువదించిన వాక్యమును వేఱొకరిచే మూలభాషలోనికి మరల తెప్పించి, రెంటిని సరిపోల్చుదురు. సాధారణముగ ఇది ఉపకరించును. కాని తత్సమముల విషయమున ఇదియే మోసపుచ్చగలదు. తెలుగులోని అభిమానము హిందీలో 'అభిమాన్' కాగా, మరల తెలుగున అభిమానమే కావచ్చును. అక్షరములు క్షేమముగ తిరిగి వచ్చును. అర్థము దారిలో మారిన సంగతి మఱుగుపడును. ఈ లోపమును గుర్తింపగలవాడు గణితజ్ఞుడు కాడు, ఉభయభాషల ప్రయోగము నెఱిగిన భాషావేత్త.

కావున భావనను మొదట అంశములుగ విభజింపవలెను. మాతృభాషయందలి ప్రీతి, దానివలని గౌరవబుద్ధి, బిడ్డలకు దానిని నేర్పవలెనను సంకల్పము, నిత్యవ్యవహారమున దాని వాడుక, ఇవి వేర్వేఱు చరరాశులు. ఒకటి హెచ్చుగ నుండి మఱొకటి తక్కువగ నుండవచ్చును. ప్రతి అంశమునకును ఆయా భాషల నుడికారమునుండియే వాక్యములను ఎన్నుకొని, వానిని ప్రతివాదులు ఎట్లు గ్రహించుచున్నారో ముందుగ విచారింపవలెను. అటుపిమ్మట మాటను చేతతో సరిచూడవలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వెలుపల నివసించు తెలుగువారిని పరిశీలించునపుడు, ఇంట బిడ్డలతో ఏ భాష మాటలాడుదురని అడుగుట ఉచితము. బడిలో తెలుగును పాఠ్యాంశముగ ఎన్నుకొనిరా యని మాత్రమే అడుగుట చాలదు. తెలుగు బోధింపని బడిలో ఎన్నుకొనకపోవుట అభిమానలోపము కాదు, అవకాశలోపము.

జనగణనయందలి అంకెలను సైతము ఈ దృష్టితోనే చదువవలెను. 2011 జనగణనలో తెలుగు శీర్షిక క్రింద నమోదైనవారు 8 కోట్ల 11 లక్షలకు పైగా కలరు. అచట మాతృభాషయనగా బాల్యమున తల్లి బిడ్డతో మాటలాడిన భాష. ఈ నిర్వచనము స్పష్టము; అయినను అది నేటి వాడుకను కొలువదు, అభిమానమును కొలువదు.

అంకె తనంత తాను అసత్యమాడదు. దానికి పెట్టిన పేరు అసత్యమాడించును. కొలిచినది ఇంటి వాడుకయైనచో ఇంటి వాడుక యనియే చెప్పవలెను, అభిమానమని చెప్పరాదు. భాషాబోధనను గూర్చిన నిర్ణయములు ఇట్టి పట్టికలను ఆధారము చేసికొనునపుడు ఈ నియమము పండితుల చర్చకు మాత్రమే సంబంధించినది కాదు. ఒక బడిలో ఒక భాష నిలుచునా తొలగునా అనునది దానిపై ఆధారపడవచ్చును. కావున మాపని సిద్ధమైన పిదప అనువాదమునకై భాషావేత్తను పిలుచుట చాలదు. భావనకు తొలి నిర్వచనము వ్రాయునాడే అతడు మనోవిజ్ఞాని సరసన కూర్చుండవలెను.