పుపుస ధమని జన్మలోపాలు

పుపుస ధమని జన్మలోపాలు అనగా గర్భస్థ శిశువు ఎదిగే దశలోనే ఊపిరితిత్తులలోను, వాటికి రక్తాన్ని చేర్చే ధమనులలోను ఏర్పడే నిర్మాణ లోపాలు. ఇవి చాలా అరుదు. వీటిలో కొన్ని బాల్యంలో ఏ ఇబ్బందీ కలిగించక, యౌవనంలోనో నడివయసులోనో దగ్గుతో పాటు రక్తం పడడం వలన మొదటిసారిగా బయటపడతాయి. కళ్ళెలో నెత్తురు కనబడగానే క్షయ అని తలచే మన దేశంలో వీటిని గుర్తించడం తరచు ఆలస్యమవుతుంది.

రక్తం ఎక్కడి నుండి వస్తుంది?

ఊపిరితిత్తులకు రక్తం రెండు మార్గాలలో చేరుతుంది. గుండె కుడి జఠరిక నుండి బయలుదేరే పుపుస ధమని చెడు రక్తాన్ని ప్రాణవాయువు కొరకు తెస్తుంది. బృహద్ధమని నుండి చీలే సన్నని శ్వాసనాళ ధమనులు ఊపిరితిత్తుల కణజాలాన్ని పోషిస్తాయి. పుపుస ధమనిలోని సగటు పీడనం సుమారు 15 మిల్లీమీటర్లు (పాదరసం) మాత్రమే. బృహద్ధమనిలో అది దాదాపు ఆరు రెట్లు. పుపుస ధమని లేని పక్షంలో ఆ లోటు తీర్చడానికి శ్వాసనాళ ధమనులు, పక్కటెముకల మధ్య ధమనులు ఉబ్బి, మెలికలు తిరిగి ఆ ఊపిరితిత్తిలోకి చొచ్చుకొనిపోతాయి. అధిక పీడనం గల రక్తం పలుచని గోడల గుండా పారడంతో అవి చిట్లుతాయి. అనగా, నెత్తురు పడేది లోపించిన నాళం నుండి కాదు, దాని బదులు పనిచేస్తున్న నాళాల నుండి.

ముఖ్యమైన రకాలు

ఒకవైపు పుపుస ధమని లేకపోవడం: దీనిని 1868లో ఫ్రాంట్జెల్ తొలిసారి వర్ణించాడు. సుమారు రెండు లక్షల మందిలో ఒకరికి ఉండవచ్చునని అంచనా. గుండె జబ్బు ఏదీ లేకుండా ఇదొక్కటే ఉన్నప్పుడు ఎక్కువగా కుడివైపున కనబడుతుంది. రోగులలో దాదాపు ఐదో వంతు మందికి దగ్గులో రక్తం పడుతుంది. మిగిలినవారిలో ఆయాసం, మాటిమాటికీ న్యుమోనియా వంటివి ఉంటాయి. రక్తమంతా ఒకే ఊపిరితిత్తి గుండా పోవలసి రావడంతో కొందరిలో పుపుస ధమని పీడనం పెరుగుతుంది. అట్టి స్త్రీలకు గర్భధారణ ప్రమాదకరం.

సీక్వెస్ట్రేషన్: ఊపిరితిత్తిలో కొంత భాగం శ్వాసనాళంతో సంబంధం లేక, నేరుగా బృహద్ధమని శాఖ నుండి రక్తం పొందుతుంది. ఈ పేరును 1946లో ప్రైస్ వాడుకలోకి తెచ్చాడు. ఎడమ కింది తమ్మెలో ఎక్కువ.

ధమనీ సిరల ముడి: ధమని, సిర కేశనాళికలు లేకుండా కలిసిపోతాయి. ఇక్కడ పీడనం తక్కువే అయినా సంచి గోడ పలుచన. రక్తపు గడ్డలు వడకట్టబడకుండా మెదడును చేరి పక్షవాతం కలిగించవచ్చు. తరచు ముక్కు నుండి రక్తం కారే వంశపారంపర్య వ్యాధితో పాటు ఇది వస్తుంది.

క్షయగా భ్రమపడడం

రాయలసీమకు క్షయ కొత్త కాదు. మదనపల్లె వద్ద ఆరోగ్యవరం శానటోరియం 1915 నుండి క్షయ రోగులకు చికిత్స చేసింది. ప్రపంచ క్షయ రోగులలో దాదాపు నాలుగో వంతు నేటికీ భారతదేశంలోనే ఉన్నారు. కావున కర్నూలు, కడపలలో దగ్గులో నెత్తురు పడిన వ్యక్తికి ముందుగా కళ్ళె పరీక్ష చేయించడమే సరైన పద్ధతి. 2022 వరకు కర్నూలు జిల్లాలో ఉండిన బేతంచెర్ల, బనగానపల్లె ప్రాంతాల నాపరాతి పనివారి విషయంలోనైతే రాతి దుమ్మును కూడా అనుమానించవలసి ఉంటుంది.

చిక్కు ఆ తరువాతే వస్తుంది. పుపుస ధమని లేని ఊపిరితిత్తి చిన్నదిగా ఉండి, ఎక్స్‌రేలో గుండె అటువైపు జరిగి, విభాజక పటలం పైకి లేచి కనబడుతుంది. పాత క్షయ మచ్చతో ముడుచుకొనిపోయిన ఊపిరితిత్తి కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. కళ్ళెలో క్రిములు లేకున్నా ఎక్స్‌రేను చూసి ఆరు నెలల మందులు వాడించడం, మళ్ళీ రక్తం పడితే మరొకసారి వాడించడం జరుగుతుంది. మందులు కాలేయానికి భారం కాగా, చిట్లే నాళాలు అలాగే మిగిలిపోతాయి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మూలం వద్ద ఉండవలసిన ధమని నీడ లేకపోవడం, మచ్చలు గాని గుంతలు గాని కనబడకపోవడం అనుమానానికి తావివ్వాలి. సీటీ యాంజియోగ్రామ్‌తో విషయం తేలుతుంది. అయితే ఈ లోపం ఉన్నవారికి క్షయ రాకూడదని లేదు. వైద్యుడు చెప్పకుండా క్షయ మందులు మానరాదు.

చికిత్స

రక్తం ఎక్కువగా పడుతున్నప్పుడు తక్షణ ప్రమాదం రక్తహీనత కంటే ఊపిరాడకపోవడమే. రక్తం వచ్చే వైపు కిందికి ఉండేలా పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చాలి. తొడ ధమని గుండా సన్నని గొట్టం పంపి, చిట్లిన నాళాన్ని లోపలి నుండి మూసివేసే ఎంబొలైజేషన్ 1970ల నుండి వాడుకలో ఉంది. దీనితో రక్తం ఆగినా, కొత్త నాళాలు పెరిగి కొందరిలో మళ్ళీ పడవచ్చు. అప్పుడు శస్త్రచికిత్సతో ఆ ఊపిరితిత్తిని తొలగిస్తారు. ధమనీ సిరల ముడికి సాధారణంగా ఎంబొలైజేషనే చాలు. సీక్వెస్ట్రేషన్‌లో ఆ భాగాన్ని తీసివేయడమే ప్రధాన చికిత్స. దానికి వచ్చే ధమని బృహద్ధమని నుండి ఎక్కడ చీలుతున్నదో ముందుగా సీటీలో చూడకుండా కత్తి పెడితే, తెలియక తెగిన ఆ ఒక్క నాళమే ప్రాణం తీయగలదు.