పోయినవారు విడిచిన బొమ్మల సేన

ప్రాణప్రదముగా కూర్చిన యాక్షన్ ఫిగర్లు వారసుల చేతికి వచ్చినపుడు ఉంచవలెనా, అమ్మవలెనా, ఇచ్చివేయవలెనా?

ఇల్లువాకిళ్లు, పొలము పుట్ర, బంగారు నగలు వారసత్వముగా సంక్రమించినపుడు వానిని పంచుకొనుటకు దస్తావేజులున్నవి, చట్టమున్నది, అవసరమైనచో నలుగురు పెద్దమనుషులున్నారు. కాని ఒక మనుష్యుడు బాల్యము నాటి నుండి ఒక్కటొక్కటిగా కొని, తుడిచి, అరలలో నిలిపి, అపురూపముగా కాపాడుకొన్న వందలకొలది ప్లాస్టిక్ వీరులు ఒకనాడు భార్య చేతికో, తమ్ముని చేతికో, ఆ ఆటల ఊసే ఎరుగని కుమార్తె చేతికో వచ్చి పడినపుడు, వానినేమి చేయవలెనో చెప్పగలవారు ఏ కుటుంబమునందును సాధారణముగా నుండరు. అమెరికాలో నేడీ ప్రశ్న అనేక గృహములలో తలయెత్తుచున్నది. ఈ బొమ్మలు తొలిసారి వెల్లువగా వచ్చిన కాలమున వానితో ఆడుకొన్న బాలురు ఇపుడు ఏబదియేండ్లకు అటునిటుగా నున్నారు. వారిలో కొందరు అప్పుడే కాలధర్మము చెందిరి. అచ్చట పుట్టి పెరిగిన తెలుగువారి పిల్లలును ఆ తరములో కలరు గనుక, ఇది మనకు పరాయివారి గొడవ కాదు.

ఈ సేన ఎక్కడిది?

1964వ సంవత్సరమున హాస్బ్రో సంస్థ జి.ఐ. జో అను పన్నెండంగుళముల సైనికుని వెలువరించుటతో ఈ చరిత్ర ఆరంభమైనది. దానిని మలుపు త్రిప్పినది సిన్సినాటి నగరపు కెన్నర్ సంస్థ. 1977 మే నెలలో స్టార్ వార్స్ చలనచిత్రము విడుదలై దేశమును ఊపివేయగా, క్రిస్మస్ పండుగ నాటికి బొమ్మలు సిద్ధము కాకపోవుటచే, ఆ సంస్థవారు బొమ్మలకు బదులుగా ఒక అట్టపత్రమును అమ్మిరి. ఆ పత్రమును పంపిన పిల్లలకు మరుసటి సంవత్సరారంభమున నాలుగు బొమ్మలు తపాలాలో చేరినవి. మూడుముప్పాతిక అంగుళముల ఆ కొలత, బొమ్మతోపాటు దాని వాహనమును, దాని కోటను కూడ పిల్లవాని గదిలో ఇముడునట్లు చేసినది. 1982లో జి.ఐ. జో సైతము అదే కొలతకు కుదించుకొని వచ్చెను. మాటెల్ సంస్థవారి హీ-మ్యాన్ అను బొమ్మ ఆ యేడే ప్రభవించెను. 1984లో జపానుదేశపు టకారా సంస్థ అచ్చులనుండి ట్రాన్స్‌ఫార్మర్లు అను బొమ్మలు పుట్టినవి.

మన దేశమున 1987లో ఎం.ఆర్.ఎఫ్. సంస్థ హాస్బ్రో సహకారముతో ఫన్‌స్కూల్ నెలకొల్పిన పిమ్మట, అమెరికా అచ్చులతోనే ఇచ్చట జి.ఐ. జో వీరులను పోసిరి. అయితే రంగులు పెక్కింటికి మారినవి. ఆ వర్ణభేదము కొరకే విదేశములలోని సేకర్తలు నేడు భారతీయ ప్రతులను వెదకి కొనుచున్నారు. కావున హైదరాబాదులోనో, విజయవాడలోనో అటక మీద మరచిపోయిన బొమ్మల పెట్టెను పాత సామానువానికి తూకమునకు వేయుటకు ముందు ఒకసారి విప్పి చూచుట మంచిది.

మొదట తెలిసికొనవలెను

వారసుడు చేయవలసిన ప్రథమ కార్యము నిర్ణయము కాదు, పరిజ్ఞానము. దుఃఖము పచ్చిగా నున్నపుడు ఇల్లు ఖాళీ చేయవలెనను తొందరలో దేనినీ కడుగరాదు, మూసియున్న దానిని తెరువరాదు, చిన్న తునక యని, చిత్తుకాగితమని దేనినీ పారవేయరాదు. గోరంత తుపాకి, చిటికెనవ్రేలంత కత్తి, బొమ్మ వచ్చిన అట్ట వెనుకనుండి బాలుడు కత్తిరించి దాచుకొన్న వీరుని పరిచయపత్రము, ఇవి ఒక్కొక్కప్పుడు బొమ్మకంటెను దుర్లభములు. జి.ఐ. జో వీరులకు ఆ పరిచయపత్రములు వ్రాసినవాడు లారీ హామా. ప్రతి ప్లాస్టిక్ ముక్కకు ఒక ఊరు, ఒక విద్య, ఒక స్వభావము కల్పించిన ఆ నాలుగు వాక్యములే పిల్లలకు ఆ బొమ్మలను మనుష్యులుగా చేసినవి.

బొమ్మ కాలి మీదనో వీపు మీదనో సన్నని అక్షరములుండును. కెన్నర్ వారి తొలి బొమ్మపై జి.ఎం.ఎఫ్.జి.ఐ. 1977, హాంకాంగ్ అని కనిపించినచో అది హక్కు నమోదైన సంవత్సరమే గాని బొమ్మ పోతపోసిన సంవత్సరము కాదు. ఆ అంకెను చూచి ధర కట్టువారు మోసపోవుదురు. అట్లే 1978లో వెలువడిన జావా అను మరుగుజ్జు బొమ్మకు తొలుత వినైల్ ప్లాస్టిక్ అంగీ తొడిగి, అది చవుకబారుగా కనిపించుటచే, కొద్దికాలములోనే గుడ్డ అంగీకి మారిరి. ఆ వినైల్ అంగీ గల జావా నేడు గొప్ప ధర పలుకును. అందువలననే వేరొక బొమ్మ అంగీని కత్తిరించి దీనికి తొడుగు కపటులును బయలుదేరిరి. కంటికి ఒక్కటిగా తోచు రెండు బొమ్మల నడుమ ఇంతటి అంతరముండగా, తెలిసినవారి నొకరిని పిలిచి, ప్రతిదానిని ఛాయాచిత్రము తీసి, పట్టిక వ్రాసికొనక ముందే బేరమునకు కూర్చుండుట అవివేకము.

ప్లాస్టిక్కునకును ముదిమి కలదు

ప్లాస్టిక్ చిరంజీవి యను భ్రమ లోకములో బలముగా నున్నది. మెత్తని వినైల్ బొమ్మలనుండి వానిని మెత్తపరచిన రసాయనము కాలక్రమమున పైకి ఊరి చేతికి జిగటగా తగులును. తెల్లని బొమ్మలు వెలుతురుకు పసుపుబారును. అట్టకు బొమ్మను పట్టియుంచు పారదర్శకమైన బుడగ వన్నె తగ్గి, జిగురు విడిపోవును. 1982లో మొదలైన చిన్న కొలత జి.ఐ. జో వీపుననున్న చిన్న స్క్రూ విప్పినచో మొండెము రెండుగా విడివడి, లోపల నల్లని సన్నని రబ్బరు వలయము కనిపించును. కాళ్లను మొండెమునకు బిగించి పట్టునది ఆ వలయమే. అది ఎండి తెగినపుడు వీరుడు నడుము దగ్గర రెండు తునకలగును. తెలియనివారు విరిగినదని పారవేయుదురు, తెలిసినవారు స్వల్పమైన ఖర్చుతో క్రొత్త వలయము వేసి మరల నిలబెట్టుదురు.

మన సంక్రాంతి బొమ్మల కొలువు తరతరములుగా తల్లినుండి కూతురికి సంక్రమించుచు నిలిచియుండుటకు భక్తి యొక్కటే కారణము కాదు. ఏటేట పెట్టె తెరచి, దుమ్ము తుడిచి, చెదను చూచి, రంగు పోయినచో దిద్ది, పేరంటాండ్ర యెదుట నిలుపు ఆ ఆచారమే వానిని బ్రతికించినది. ఈ యాక్షన్ ఫిగర్లకు అట్టి పండుగ లేదు. వేసవిలో కాగి శీతకాలమున గడ్డకట్టు అటకపై పెట్టి, తరువాత చూతములెమ్మనుకొన్న ఇంట, చూచువేళకు మిగులునది తక్కువ. వాయిదా వేయుట నిర్ణయము మానుకొనుటగా కనిపించును గాని, వస్తువు పక్షమున చూచినచో అదియు ఒక నిర్ణయమే, అన్నిటిలో హీనమైనది.

విపణి కోరునది, ఇల్లు కోరునది

అమ్మదలచినవారిని పత్రికలలో వచ్చు మహాధరలు కలవరపెట్టును. జి.ఐ. జో తొలి నమూనా 2003లో 2 లక్షల డాలర్లకు, స్టార్ వార్స్ వరుసలోని బోబా ఫెట్ అను బొమ్మ యొక్క రాకెట్టు విడుచు నమూనా 2024లో 5 లక్షల 25 వేల డాలర్లకు అమ్ముడుపోయిన మాట నిజమే. కాని అవి దుకాణములలో ఎన్నడును అమ్మని నమూనాలు. 1995 నుండి వెలువడిన స్టార్ వార్స్ బొమ్మలను, ధర పెరుగునను ఆశతో పెట్టె విప్పకుండ దాచినవారు అసంఖ్యాకులగుటచే, వానికి నేటికిని గిరాకి స్వల్పము. వేలము వెబ్‌సైట్లలో అడిగిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు, రెండవదే ప్రమాణము. అమెరికాలోని వారసులు గమనింపవలసిన విషయ మింకొకటి కలదు. మరణించిన నాటి విపణి విలువయే వారసుని కొనుగోలు ధరగా అచ్చటి పన్ను చట్టము సాధారణముగా ఎంచును గనుక, ఆనాటి విలువకు తెలిసినవారిచేత ఒక పత్రము వ్రాయించి యుంచుకొనుట లాభదాయకము.

ఇచ్చివేయదలచినవారికి న్యూయార్క్ రాష్ట్రమున రాచెస్టర్ నగరములోని ది స్ట్రాంగ్ క్రీడా ప్రదర్శనశాల యున్నది. అచ్చటి జాతీయ ఆటవస్తువుల కీర్తిమందిరమున జి.ఐ. జోకు 2004లో, స్టార్ వార్స్ బొమ్మలకు 2012లో స్థానము లభించినది. అయితే ప్రదర్శనశాలలు తమకు లేనిదానినే స్వీకరించును. ముందుగా వ్రాసి అడుగక పెట్టెలు పంపుట తగదు. పసిపిల్లలకిచ్చి ఆడుకొననిత్తమన్న సదుద్దేశమునకు ఒక హద్దు కలదు. ఆటవస్తువులలో సీసము, ప్లాస్టిక్కును మెత్తపరచు కొన్ని రసాయనములు ఇంతకు మించరాదని అమెరికా 2008లో కఠినముగా శాసించినది. అంతకు పూర్వపు బొమ్మలు ఆ కొలతకు లోబడి చేసినవి కావు గనుక, నోట పెట్టుకొను వయస్సువారికి వానిని ఇయ్యరాదు.

ఇక ఉంచుకొనవలసినవేవి? నా దృష్టిలో ఈ చిక్కుముడి అంతయు ఇచ్చటనే విడిపోవుచున్నది. విపణి కోరునది ఎవ్వరును తాకని బొమ్మను. ఇల్లు కోరునది ఎక్కువగా తాకిన బొమ్మను. తుపాకి పట్టించి పట్టించి బొటనవ్రేలు విరిగిన సైనికుడు, పాదము క్రింద వంకరటింకర అక్షరములతో చిన్ననాటి పేరు వ్రాసిన వీరుడు, ముఖమున రంగు చెరిగిపోయిన రాకుమారి, వీనికి బజారులో విలువ లేదు. ఆ అరుగుదల ఆ మనుష్యుని చేతి గుర్తు. అది మరియొక ప్రతికి రాదు. అట్టతో, బుడగతో, తళతళలాడు బొమ్మ యనిననో, అది ఏ ఫ్యాక్టరీనుండి వచ్చినదో ఆ ఫ్యాక్టరీ గుర్తునే మోయుచున్నది. దాని నింకొక ప్రేమికునికి అమ్మివేసినచో పోయినవాని జ్ఞాపకమునకు ఇసుమంతయు లోపము రాదు. అరిగిన వానిని ఉంచుకొని, అరుగని వానిని అమ్ముట యను ఈ పద్ధతిలో మమకారము, ధనము ఒకదానినొకటి త్రోసికొనవు. పిల్లలు ముగ్గురున్న ఇంట విరిగిన బొమ్మలు మూడు చాలును. మిగిలినవాని పైకము వారి చదువునకు వచ్చినచో కూర్చినవాని శ్రమ వృథా యైనదని ఎవరనగలరు?

అమ్మిన వెంటనే మనస్సును కొరుకు అపరాధభావమునకు కూడ ఇదియే సమాధానము. పోయినవారికి మనము బాకీ పడినది కావలి కాదు, అవగాహన. వారు దేనిని ఎందుకు ప్రేమించిరో తెలిసికొని, పట్టికగా వ్రాసి, విలువ నెరిగి, తగినవారి చేతిలో పెట్టినవాడు, తాళము వేసి ఇరువదియేండ్లు పెట్టె వంక చూడని వానికంటె నిజమైన వారసుడు.

కూర్చుచున్నవారికొక విన్నపము

ఈ భారమును సగము తగ్గింపగల శక్తి గలవారు ఇపుడు ఆరోగ్యముగా ఉండి, ఇంకను కొనుచున్న సేకర్తలే. ఒక నోటుపుస్తకములో ప్రతి బొమ్మ పేరు, కొన్న యేడు, పెట్టిన ధర వ్రాయుడు. ఏది అసలైనదో, దేనికి తరువాత అతికించిన భాగమున్నదో దాచక తెలుపుడు. అమ్మవలసి వచ్చినచో నమ్మదగిన మిత్రులిద్దరి పేర్లు చేర్చుడు. ఏది ఎవరికి ఇయ్యవలెనని మీ మనస్సున నున్నదో, అన్నిటికంటె ముఖ్యముగా, అమ్మివేసినను మీకు బాధ లేదని, మీ చేతితో ఒక్క వాక్యము వ్రాయుడు. మీ తరువాత మీవారికి ఆ ఒక్క వాక్యము కలిగించు నెమ్మదిని ఏ నిపుణుడును, ఏ వేలముశాలయు కలిగింపజాలదు.