తెరవని తలుపు

బ్రిటిష్ రచయిత రోఆల్డ్ డాల్ కథలు ‘లాంబ్ టు ది స్లాటర్’ (1953), ‘ది వే అప్ టు హెవెన్’ (1954) పక్కపక్కన పెట్టి చదవాల్సినవి. రెంటిలోనూ భర్త చావుకి భార్యే కారణం. ఇద్దరూ పట్టుబడరు.

మొదటి కథలో మేరీ గర్భవతి. పోలీసు ఉద్యోగి అయిన భర్త ఓ సాయంత్రం ఇంటికొచ్చి, ఇక కలిసుండేది లేదని చెప్పేస్తాడు. ఆవిడ గడ్డకట్టిన గొర్రె తొడతో అతని తలమీద కొడుతుంది. తర్వాత దాన్నే వండి, ఆయుధం కోసం వెతుకుతున్న పోలీసులకి కొసరి కొసరి వడ్డిస్తుంది.

రెండో కథలో మిసెస్ ఫాస్టర్‌కి ఎక్కడికెళ్ళాలన్నా ఆలస్యమవుతుందేమోనని వణుకు. అది తెలిసే భర్త తాత్సారం చేస్తాడు. ఆవిడ పారిస్‌లో మనవల్ని చూడబోయే రోజున, ఏదో మర్చిపోయానని మళ్ళీ ఇంట్లోకెళ్తాడు. పిలవబోయిన ఆవిడ, తాళంచెవి తలుపులో పెట్టి, లోపలి చప్పుడు విని ఆగుతుంది. తలుపు తియ్యకుండానే విమానానికి వెళ్ళిపోతుంది. అక్కణ్ణించి ప్రతి వారం భర్తకి ఉత్తరం రాస్తుంది. ఆరు వారాలకి తిరిగొచ్చి, లిఫ్టు మధ్యలో ఆగిపోయిందని మరమ్మతువాళ్ళకి ఫోన్ చేస్తుంది.

ఒకరిని వంట కాపాడింది, ఇంకొకరిని ఉత్తరాలు. ‘మంచి ఇల్లాలు’ అనిపించుకునే పనులే! అయినా నన్ను భయపెట్టేది రెండో కథే. మేరీది ఒక్క క్షణపు దెబ్బ. మిసెస్ ఫాస్టర్ ఏమీ చెయ్యలేదు, అంతే.

ఎయిర్‌పోర్టుకి బయల్దేరేముందు మా ఆవిడ కంగారు చూస్తూ నింపాదిగా కాఫీ తాగడం నాకో సరదా. ఈ కథ చదివాక కాఫీ మానలేదు గానీ, గంట ముందే తాగేస్తున్నాను.