కాలేజీ మానేసే ముందు ఒక అర్జీ



బళ్ళారి జిల్లా పల్లెల్లో ఉన్న మన పిల్లలకు కాలేజీ అంటే ఒక్కోసారి బళ్ళారి, ఒక్కోసారి సరిహద్దు దాటి గుంతకల్లు, అనంతపురం. ఏ కాలేజీలో చేర్చాలి, ఏ కోర్సు మంచిది అని జూన్ నెలలో పదిమందిని అడుగుతాము. చేరిన పిల్లవాడు మధ్యలో మానేయవలసి వస్తే ఏం చేయాలని మాత్రం ఎవరినీ అడగము. అడగడమే అశుభమనుకుంటాము. ఈనాటి ప్రసంగంలో ఆ సంగతే, డబ్బు వరకు, చెప్పుకుందాము.

2019 డిసెంబరులో ఒక సాయంత్రం నా పాత విద్యార్థి ఒకడు, వాళ్ళ నాన్న మా ఇంటికి వచ్చారు. అబ్బాయి సరిహద్దు అవతల ఒక ప్రైవేటు కాలేజీలో బి.కాం.లో చేరాడు. మిరప పంట మీద అప్పు తెచ్చి తండ్రి సంవత్సరం ఫీజు నలభై వేలు ఒక్కసారే కట్టాడు. సెప్టెంబరు మొదటి వారంలో ఆయన జబ్బు చేసి మంచాన పడ్డాడు. పొలం చూసే దిక్కు లేక కొడుకు పెట్టె సర్దుకొని ఇంటికి వచ్చేశాడు. కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. “పోవడం మానేస్తే వాళ్ళకే తెలుస్తుంది గదా అయ్యవారూ” అన్నాడు ఆ తండ్రి. తీరా డిసెంబరులో వెళ్ళి అడిగితే ఒక్క రూపాయి కూడా రాదన్నారట. పైగా రెండో సంవత్సరం ఫీజు కూడా కడితేనే మార్క్స్ కార్డులు ఇస్తామన్నారట.

కాలేజీవారు చెప్పిన మొదటి మాట నియమం ప్రకారమే ఉంది. రెండో మాట నియమానికి విరుద్ధం. ఎలాగో వినండి.

డిగ్రీ, పి.జి. కోర్సులలో ఫీజు వాపసు గురించి యు.జి.సి. 2018 అక్టోబరులో ఒక ప్రకటన ఇచ్చింది. దాని ప్రకారం లెక్క రెండు తేదీల మీద నడుస్తుంది. ఒకటి, ప్రవేశాలకు కాలేజీ ప్రకటించిన ఆఖరు తేదీ. రెండు, తప్పుకొంటున్నానని విద్యార్థి ఇచ్చిన కాగితం కాలేజీకి అందిన తేదీ. తరగతికి పోవడం ఏనాడు మానేశాడన్నది ఈ లెక్కలోకి రాదు.

ఆఖరు తేదీకి 15 రోజులు గాని అంతకన్న ముందు గాని కాగితం ఇస్తే ఫీజు మొత్తం వాపసు ఇవ్వాలి. అందులో 5 శాతం, అదీ 5,000 రూపాయలకు మించకుండా, ఖర్చుల కింద పట్టుకోవచ్చు. ఆఖరు తేదీ పదిహేను రోజులలోపల ఉండగా ఇస్తే 90 శాతం. ఆఖరు తేదీ దాటిన తర్వాత 15 రోజులలోగా అయితే 80 శాతం. 16వ రోజు నుంచి 30వ రోజు దాకా 50 శాతం. ముప్ఫై రోజులు దాటితే ఏమీ రాదు. కాషన్ డిపాజిట్ మాత్రం ఎప్పుడైనా పూర్తిగా తిరిగి ఇవ్వవలసిందే.

ఆ అబ్బాయి కాలేజీలో ఆఖరు తేదీ ఆగస్టు 31. ఇంటికి వచ్చిన రోజునే, అంటే సెప్టెంబరు 8న, ఒక అర్జీ రాసి ఇచ్చి ఉంటే 32,000 వచ్చేది. సెప్టెంబరు 25న ఇచ్చినా 20,000 వచ్చేది. అర్జీ లేనందువల్ల నలభై వేలూ పోయాయి.

ఇక రెండో మాట. అదే ప్రకటన ప్రకారం కాలేజీ నడుస్తున్న సెమిస్టరుకు గాని సంవత్సరానికి గాని మాత్రమే ముందుగా ఫీజు తీసుకోవాలి. అసలు మార్క్స్ కార్డులు, టి.సి. తన దగ్గర ఉంచుకొని బేరం పెట్టకూడదు. ఆ కాగితం చూపించి అడిగిన మీదట వాళ్ళ మార్క్స్ కార్డులు చేతికి వచ్చాయి. డబ్బు రాలేదు. షావుకారు అప్పు మాత్రం ఆ తర్వాత రెండు పంటల దాకా తీరలేదు.

కొన్ని సంవత్సరాలకు యు.జి.సి. ఇంకా ఉదారంగా గడువు ఇచ్చింది. 2024-25లో సెప్టెంబరు 30 లోపల తప్పుకొంటే పూర్తి ఫీజు, అక్టోబరు 31 లోపల అయితే వెయ్యి రూపాయలకు మించకుండా తగ్గించి మిగతాది ఇవ్వాలన్నది. కనుక మీ పిల్లలు చేరిన సంవత్సరపు ప్రకటన ఏమిటో అడిగి తెలుసుకోండి. ఇంజనీరింగు, పాలిటెక్నిక్ కాలేజీలకు ఏ.ఐ.సి.టి.ఇ. నియమాలు వేరుగా ఉన్నాయి.

బ్యాంకు అప్పు ఉంటే జాగ్రత్త రెండింతలు కావాలి. చదువుల అప్పుకు సాధారణంగా కోర్సు కాలం, ఆపైన ఒక సంవత్సరం కంతులు కట్టనక్కరలేదు. కోర్సే ఆగిపోతే ఆ వెసులుబాటు నిలవదు. ఏటా నాలుగున్నర లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు కేంద్రం 2009లో తెచ్చిన వడ్డీ రాయితీ కూడా మధ్యలో మానేసినవారికి వర్తించదు. అనారోగ్యం వల్ల మానేసినవారికి ఆధారాలు చూపితే మినహాయింపు ఉంది. అప్పు పత్రం మీద తండ్రి సంతకం కూడా ఉంటుంది కాబట్టి, కంతులు తప్పితే రేపు ఆయన ఇంకో అప్పుకు పోయినప్పుడు అది అడ్డు వస్తుంది. అందుచేత కాలేజీకి అర్జీ ఇచ్చిన వారంలోనే బ్యాంకు మేనేజరును కలవండి. తర్వాతి విడత డబ్బు కాలేజీకి పోకుండా ఆపించండి.

విద్యార్థి వేతనం సంగతి మనలాంటి సరిహద్దువాళ్ళు ముఖ్యంగా తెలుసుకోవాలి. షెడ్యూల్డు కులాల పోస్టు మెట్రిక్ వేతనం, అవతలి రాష్ట్రంలో చదివినా, మనం స్థిరపడిన రాష్ట్రమే ఇస్తుంది. సంవత్సరం మధ్యలో చదువు ఆపితే ఇచ్చిన సొమ్ము తిరిగి కట్టమనే అధికారమూ ఆ రాష్ట్రానికే ఉంది. కాబట్టి అనంతపురంలో చదివే మన పిల్లవాడు మానేస్తే బళ్ళారిలోని సంక్షేమ శాఖ ఆఫీసుకు కూడా తెలియజేయాలి.

మానేయకుండా గడిచే దారి ఉందేమో కూడా ముందు చూడండి. సెమిస్టరు పరీక్షలకు ఆరు వారాలే ఉంటే, వీలైనంతవరకు అవి రాసి రావడం మేలు. పరీక్ష రాసి పాసయితే ఆ క్రెడిట్లు మిగులుతాయి. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో చేరిన విశ్వవిద్యాలయాలలో అవి సాధారణంగా ఏడు సంవత్సరాల దాకా చెల్లుతాయి. మధ్యలో వదిలేస్తే ఫీజూ పోతుంది, క్రెడిట్లూ రావు.

తప్పుకోక తప్పకపోతే అర్జీ రెండు ప్రతులు రాయండి. తేదీ వేయండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండో దాని మీద ముద్ర, సంతకం తీసుకోండి. తీసుకోమంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఫీజు రసీదులు, హాస్టలు రసీదులు ఒకచోట పెట్టండి. కాలేజీ వినకపోతే అక్కడి విద్యార్థుల ఫిర్యాదుల కమిటీకి, ఆపైన విశ్వవిద్యాలయపు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు.

చదువు మధ్యలో ఆగడం తప్పు కాదు. ఇంటి పరిస్థితి ఎవరి చేతిలోనూ లేదు. కానీ చెప్పకుండా వచ్చేస్తే ఆ మౌనానికి కూడా ఫీజు కట్టవలసి వస్తుంది. ఆ ఒక్క కాగితం మరచిపోకండి.