మెడికల్ కౌన్సిల్ విచారణలో మన వకీలెవరు?

గిద్దలూరు ప్రాంతంలోని ఒక మాదిగపల్లె నుంచి, కాన్పులో కూతురిని పోగొట్టుకున్న తండ్రి ఆమధ్య నా దగ్గరికి వచ్చాడు. చేతిలో ఇంగ్లిషులో రాసిన నాలుగు ఆసుపత్రి కాగితాలు. వైద్యంలో తప్పు జరిగిందో లేదో నేను చెప్పలేను. తేల్చవలసింది విజయవాడలోని ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్. ఫిర్యాదు రాసిస్తానన్నాను. ఆయన అడిగింది ఒకటే: ‘‘ఆడ మా తరపున మాట్లాడేదెవరు సార్?’’

ఆ ప్రశ్నకు చట్టంలోనే సగం జవాబు ఉంది. 2002 నాటి వైద్య వృత్తి నైతిక నియమావళి 8.2 నిబంధన ప్రకారం, ఆరోపణ ఎదుర్కొంటున్న వైద్యుడు స్వయంగా గానీ ప్లీడరు ద్వారా గానీ తన వాదన వినిపించవచ్చు. ఫిర్యాదుదారు ప్లీడరు గురించి ఆ నిబంధనలో మాట లేదు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 30వ సెక్షన్ కూడా అప్పీలు హక్కును వైద్యుడికే పేర్కొంది.

వైద్యుడికి వకీలు వద్దని నేననడం లేదు. మొదటి తరం దళిత డాక్టరుపై కక్షతో ఫిర్యాదు వస్తే ఆయనకూ వకీలే రక్ష. నా అభ్యంతరం అసమానత మీద. చదువు, ఇంగ్లిషు, బంధువర్గంలో ఒక డాక్టరో లాయరో ఉండటం, ఇవన్నీ కులం తరతరాలుగా పంచిపెట్టిన ఆస్తులు. దోర్నాల, యర్రగొండపాలెం అడవుల్లోని చెంచు కుటుంబానికి అవి ఎక్కడివి? బ్రిటన్ వైద్య ట్రైబ్యునళ్లలో న్యాయ సలహాదారు చెప్పే సలహా ఇరుపక్షాలకూ తెలియాలన్న నియమం ఉంది. తూకం అంటే అది.

మిగతా సగం జవాబు 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టంలో ఉంది. ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 12వ సెక్షన్ చెబుతుంది. ఆ చట్టంలో ‘కోర్టు’ అంటే న్యాయస్థానమొక్కటే కాదు. చట్టం ద్వారా ఏర్పడి న్యాయనిర్ణయ స్వభావం గల అధికారం చెలాయించే సంస్థ కూడా. కౌన్సిల్ క్రమశిక్షణ విచారణ ఆ నిర్వచనంలోకి వస్తుందన్నది నా వాదన.

కనుక మార్కాపురం, గిద్దలూరు కోర్టుల్లోని న్యాయ సేవా కమిటీలు ఈ ఫిర్యాదులకూ వకీళ్లను ఇవ్వాలి. అడిగిన 72 గంటల్లో కేస్ షీటు ఇవ్వాలన్న నియమాన్ని అమలు చేయించడం ఆ వకీలు మొదటి పని. ఫిర్యాదుదారు తరపు వకీలునూ వింటామని కౌన్సిల్ రాతపూర్వకంగా ప్రకటించాలి.

ఆ తండ్రికి 15100 నంబరు రాసిచ్చాను. వకీలు దొరికితేనే విజయవాడ రైలెక్కుతానన్నాడు. ఆయన్ను ఆ రైలెక్కించడం ప్రభుత్వ బాధ్యత.