మస్తిష్క పటములు – స్థాననిర్ణయము

నేటి రాయగడ జిల్లా 1992 వఱకు కోరాపుట్ జిల్లాలో నుండెను. ఆ ప్రాంతములో అధికభాగము 1936 వఱకు విశాఖపట్టణము జిల్లాలోనిది. జిల్లా పేరు మాఱినను ఊళ్ల అక్షాంశ రేఖాంశములు మాఱలేదు. జంతువుల మెదడును పరిశోధించువారికిని ఇట్టి స్థిరమైన కొలతయే కావలెను. ఒకే భాగమును పలువురు పలు పేర్లతో వ్యవహరించుటచే వారి ఫలితములను పోల్చుట దుర్ఘటమగుచుండెను. పాక్సినోస్, వాట్సన్‌లు 1982లో ప్రకటించిన ఎలుక మెదడు పటగ్రంథము కొలతలు చూపినదే. కాని అది కాగితముపై గీసిన పొరలకే పరిమితము.

2020లో అమెరికాలోని అల్లెన్ సంస్థ వివరించిన చిట్టెలుక పటము 1,675 మెదళ్ల సగటు. అందలి ఒక్కొక్క గడి మిల్లీమీటరులో నూఱవ వంతు. కంప్యూటరుపై దానిని ఏ దిక్కునుండియైనను చూడవచ్చును. వేఱొక ప్రయోగశాలలో తీసిన చిత్రమును సాగదీసియు కుదించియు దీనితో సరిపెట్టి, ఫలానా నాడీకణము ఏ భాగములోనిదో నిర్ణయింతురు. పటము ఉచితముగా లభించుచున్నది గనుక, ఒకచోటి కొలతలు మఱియొకచోట ఉపకరించును. అదే ప్రశ్నకై మరల జంతువులను చంపవలసిన పని కొంత తగ్గును. ఇది అల్పవిషయము గాదు.

పెద్ద ఎలుకకై 2014లో వెలువడిన వాక్స్‌హోమ్ పటము ఒక్క ఎలుకనుండి వచ్చినది. సగటు పటమునకు అచ్చముగా సరిపడు జంతువుండదు. ఒంటి పటము ఆ యొక్కదాని విశేషములను గూడ మోయును. యౌవనపు పటమును పిల్ల ఎలుకకు తగిలించినచో సరిహద్దులు తప్పి, ఔషధఫలితము వేఱొక భాగమునకు అంటగట్టబడును. అందుచేతనే గర్భస్థదశ మొదలు ఏడు వయస్సులకు వేఱువేఱు చిట్టెలుక పటములు 2024లో వెలువడినవి.