నడుము నొప్పి, మెడ నొప్పి: కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్ళే ముందు

నేను జురాంగ్ వెస్ట్‌లో ఉంటాను, ఫిజియోథెరపిస్టుని. ఈ మధ్య మనవాళ్ళు ఎక్కడ కలిసినా, "నడుము పట్టేసిందండీ, ఆపరేషన్ లేకుండా కైరోప్రాక్టర్ సరిచేస్తాడట, వెళ్ళమంటారా?" అని అడుగుతున్నారు. ఈ రోజు దాని గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

ముందుగా ఒక ఊరట. నడుము నొప్పుల్లో చాలావాటికి ఆపరేషన్ అవసరమే ఉండదు. కొత్తగా పట్టిన నొప్పి ఎక్కువమందికి కొద్ది వారాల్లోనే తగ్గుతుంది. కాబట్టి "ఆపరేషన్ తప్పిస్తాం" అని ఎవరైనా అంటే, అసలు ఆపరేషన్ కావాలని చెప్పిందెవరో అడగండి.

కైరోప్రాక్టిక్‌ని 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్ ఊళ్ళో డేనియల్ డేవిడ్ పామర్ మొదలుపెట్టారు. మన పుత్తూరు కట్టులా ఇది విరిగిన ఎముకలకు చేసేది కాదు. వెన్నులోని కీలును చేత్తో ఒక్కసారి వేగంగా నొక్కుతారు. అప్పుడు 'టక్'మంటుంది. అది ఎముక చోటికి వచ్చిన చప్పుడు కాదు, మెటికలు విరిచినప్పుడు వచ్చే చప్పుడే.

మరి పని చేస్తుందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుము నొప్పికి సూచనలు ఇచ్చింది. వాటిలో వ్యాయామంతో పాటు ఈ చేతి చికిత్సకూ చోటుంది. నడుము బెల్టులు మాత్రం మామూలుగా వాడొద్దంది. అంటే కైరోప్రాక్టిక్‌తో కొందరికి కొంత ఉపశమనం ఉంటుంది. అంతకు మించి ఆశించకండి. మెడ దగ్గర ఇంకా జాగ్రత్త. మెడను వేగంగా తిప్పితే, అరుదుగానే అయినా, రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి. మెడ తిప్పొద్దని ముందే చెప్పే హక్కు మీకుంది.

సింగపూర్‌లో ఫిజియోథెరపిస్టులకు 2011 నాటి చట్టం కింద ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉంది. కైరోప్రాక్టర్లు ఆ జాబితాలో లేరు. అందుకని ఎక్కడ చదివారో మీరే అడిగి తెలుసుకోవాలి.

మా బ్లాకులో ఒకాయన ఉచిత పరీక్ష అని ఒకచోటికి వెళ్ళి, నలభై సిట్టింగుల ప్యాకేజీకి డబ్బు కట్టి వచ్చారు. లిఫ్టు దగ్గర కుంటుతూ కనిపిస్తే ఆపి చూశాను. కాలి బొటనవేలు పైకెత్తలేకపోతున్నారు. నరం నొక్కుకుపోతోందనడానికి అదొక గుర్తు. ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపాను. సమయానికి వైద్యం అందింది గానీ కట్టిన డబ్బు వెనక్కి రాలేదు.

కనుక ఈ గుర్తులు మరిచిపోకండి. మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, కాళ్ళలో బలం తగ్గిపోతున్నా వెంటనే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాలి. నొప్పితో పాటు జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, కిందపడ్డాక నొప్పి మొదలైనా, గతంలో క్యాన్సర్ వచ్చి ఉన్నా ముందు డాక్టరుకే చూపించాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఎముకలు గుల్లబారి ఉంటే వెన్ను నొక్కించనే వద్దు.

మన దగ్గర స్ట్రీట్ 61లో పయనీర్ పాలీక్లినిక్ ఉంది. ముందు అక్కడ చూపించుకోండి. ఆ తర్వాత కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్ళాలనిపిస్తే ఏ సిట్టింగుకి ఆ సిట్టింగే డబ్బు కట్టండి. మూడు నాలుగుసార్లకీ తేడా లేకపోతే మానేయండి. నొప్పి ఉందని మంచానికి అతుక్కుపోకుండా, ఓర్చుకోగలిగినంత నడవండి.